అంగడి వేపకు పసుపు పూసిన నాడు

మొన్న కామారెడ్డిలో మా బిడ్డ ఇంటి ముందర ఏదో చప్పుడవుతోందని బయటికి వచ్చి చూస్తే, రోడ్డు పక్కన జనం నడవడానికి కొత్తగా బాట వేస్తున్నారు. వేయనీ, మంచిదే, నాలాంటి ముసలివాళ్ళు కూడా నడుస్తారు. కానీ అక్కడ ఒక కానుగ చెట్టు ఉంది, మంచి వయసు మీద ఉన్న చెట్టు. దాని మొదలు చుట్టూ వేలు దూరే సందు కూడా లేకుండా సిమెంటు పోసి, పైన ఎర్రవీ పచ్చవీ ఇటుకలు పరుస్తున్నాడు ఒక మేస్త్రీ. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏం బిడ్డా, దాని గొంతు పిసుకుతున్నవా? నీళ్ళు ఎట్ల తాగుతది అది?" అని అడిగాను. అతను తాపీ ఆపకుండానే నవ్వి, "వాన పైకెల్లి పడ్తది గదా అవ్వా, ఆకులతోని తాగుతది తియ్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. నేను ఆ ఇటుకలను కాలితో తన్నబోతే మా బిడ్డ ఉరికివచ్చి నా చెయ్యి పట్టి లోపలికి గుంజుకుపోయింది. "నీకెందుకే అమ్మా ఊరోళ్ళ లొల్లి" అని నన్నే కసిరింది. నాకెందుకో ఆమెకు తెలియదు, మా ఊళ్ళో వేపచెట్టు సంగతి జరిగేనాటికి ఆమె పెళ్ళయి అత్తగారింట్లో ఉంది. అందుకే చెబుతున్నాను, మనవరాలు రాస్తోంది. నాకు చేవ్రాలు వరకే వచ్చు. నా ఈడువాళ్ళు ఎవరైనా చదివించుకుంటే, నా కోపం ఎంతటిదో వాళ్ళకైనా అర్థమవుతుంది.

మాది ఎల్లారెడ్డి నుంచి నాగిరెడ్డిపేట దిక్కు పోయే బస్సు ఎక్కితే నడుమ వచ్చే ఊరు. పేరు చెప్పను, అక్కడ ఇంకా మా వాళ్ళున్నారు. ఊరి బయట అంగడి మైదానం, అంటే వారానికొకసారి సంత జరిగే జాగా. మా ఆయన ఊరి పంచాయతీలో మాలి. మాలి అంటే పూలతోటలో చెంబుతో నీళ్ళు పోసే పని అనుకోకండి. మైదానంలో చెట్లు, బడి ముందరి చెట్లు, చెరువు దాకా బాటకు అటూ ఇటూ ఉన్న చెట్లు, అన్నీ ఆయన చేతి కిందివే. పేరుకు కూలి ఆయన ఒక్కడికే, పని మాత్రం ఇద్దరిదీ. ఎండాకాలం కావడి మోసి పాదుల్లో నీళ్ళు పోసేది నేను, తుమ్మకంప కొట్టుకొచ్చి మొక్కల చుట్టూ కట్టేది ఆయన, మేకలవాళ్ళతో తగవు పడేది మళ్ళీ నేనే. ఆయనకు తగవు చేతకాదు. మేకల కాపరి నవ్వుతూ పలకరిస్తే చాలు, తన బీడీ కూడా అతనికే ఇచ్చి వచ్చేవాడు, అటు మేకలేమో లేత కానుగ చివుర్లన్నీ దువ్వేసినట్టు తినేసేవి.

వానలకు ముందు కొమ్మలు సవరించే పని ఉండేది. ఆ పని చూడటం నాకు ఎంత ఇష్టమో. ఆయన నిచ్చెన వేసుకుని ఎక్కి, కొయ్యవలసిన కొమ్మకు మోకు కట్టి, ఆ మోకు కొసను నా చేతికి ఇచ్చేవాడు. రంపం ఆడుతున్నంతసేపూ నేను కింద మోకు బిగబట్టుకుని నిలబడాలి, కొమ్మ తెగిన క్షణాన అది నన్ను ఒక్క గుంజు గుంజేది, తర్వాత బావిలోకి బొక్కెన దించినట్టు మెల్లగా దాన్ని నేలకు దించేదాన్ని. కోసిన చోట ఎర్రమట్టి, పేడ కలిపి పూసేవాళ్ళం. పండుగలప్పుడు మొదళ్ళకు తెల్ల సున్నం, ఎర్రమట్టి రంగు జాజు పట్టీలు వేసేవాళ్ళం. అందరూ అది అందం కోసం అనుకునేవారు, మాకైతే ఆ చెట్టును ఈ ఏడు కూడా చూసుకున్నామని చెప్పుకోవడం. పని లేని పూట నేను అక్కడే చాట ముందర పెట్టుకుని బీడీలు చుట్టేదాన్ని.

ఆ మైదానంలో అన్నింటికంటే పెద్దది వేపచెట్టు. దాన్ని ఎవరూ నాటలేదు. పశువులు నీళ్ళు తాగే తొట్టి పక్కన బురదలో తానే మొలిచింది. మా ఆయన దానికి కంప కట్టి, తొట్టి నుంచి ఒలికిన నీళ్ళు దాని పాదులోకి పోయేటట్టు చిన్న కాలువ తీశాడు, అంతే. అది ఏపుగా లేచి, కూరగాయలు అమ్మే ఆడవాళ్ళందరికీ నీడ అయ్యింది. మా ఆడబిడ్డ, అంటే మా ఆయన అక్క, దాని కిందనే గంప పెట్టుకునేది. మొగుడు పోయాక మా ఇంట్లోనే ఉండేది. గొంతు పెద్దది, మనసు పెద్దది, మాట తూటా. ఆమె వంకాయల గంప ముందర నిలబడి బేరమాడే ధైర్యం మగవాళ్ళకు కూడా ఉండేది కాదు.

ఇంతలో ఆ మైదానంలో దుకాణాల వరస కట్టాలని ఊరి పెద్దలు నిర్ణయించారు. సుద్దతో గీతలు గీస్తే వేపచెట్టు సరిగ్గా నడిమి దుకాణంలో పడింది. వారం తిరిగేలోగా కొట్టించాలని మాట అయిపోయింది. మా ఆయన ఇంటికి వచ్చి గోడకు ఒరిగి కూర్చున్నాడు. నేను వెళ్ళి పెద్దమనుషుల ముందు మొత్తుకున్నాను, ఆడదానివి నీకేం తెలుసని పంపించేశారు. కొట్టడానికి ఇంకొక్క రోజే ఉందనగా మా ఆడబిడ్డ గంప దించి, కొంగుతో ముఖం తుడుచుకుని, తమ్ముడి ముందర కూర్చుంది. "తమ్మీ, ఏడ్వకు. నేను పసుపు తెస్త, నువ్వొక రాయి తే. పొద్దు పొడిసేవరకు అది యాప కాదు, పోచమ్మ అయితది. అప్పుడు ఏ కొడుకు గొడ్డలి ఎత్తుతడో నేను చూస్త" అంది.

మీకు తెలియనిది కాదు, మా దిక్కు వేపచెట్టు మొదట్లో పసుపు రాసిన రాయి కనపడితే దాని మీద ఎవరూ చెయ్యి వేయరు. మర్నాడు కోడి కూసే వేళకు ముగ్గురం పోయాం. రాయి మా ఆయన తెచ్చాడు, పట్టీలు వేయగా మిగిలిన జాజు నేను తెచ్చాను, మొదలంతా పసుపు ఆమె పూసింది. పాత చీర చించి కొమ్మకు కట్టింది. మా ఆయన నిచ్చెన ఎక్కి నిమ్మకాయలు వేలాడదీశాడు. గొడ్డళ్ళవాళ్ళు వచ్చేసరికి మా ఆడబిడ్డ అక్కడ కొబ్బరికాయ కొడుతోంది. వాళ్ళు చెప్పులు విడిచి నిలబడ్డారు. పెద్దమనుషులు వచ్చారు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, చేతులు జోడించారు, దుకాణాల గీతలు రోడ్డుకు ఆవలి పక్కకు జరిగిపోయాయి. ఆ సాయంత్రం మా ఇంట్లో నవ్విన నవ్వు నేను మళ్ళీ ఎన్నడూ నవ్వలేదు. కల్లు తాగి మా ఆయన, "అక్కా, అందరు మనుషులను కూలికి పెడ్తరు, నువ్వు అమ్మోరినే కూలికి పెట్టినవు గదనే" అంటే ఆమె, "ఊకో, ఆమెకు గీ ఊర్ల ఏం పనుంది, పొద్దంత ఖాళీగనే ఉంటది" అని కడుపు పట్టుకుని నవ్వింది. నేను చెబుతున్నది మనసులో పెట్టుకోండి. ఆ మాట ఆమె నోటితోనే అన్నది.

చెట్టు బతికిందనుకున్నాం. కానీ రాయికి ఒకసారి పసుపు పూస్తే దాన్ని ఆపడం మన చేతిలో ఉండదు. మొదట ఎవరో దీపం పెట్టారు. పిల్లకు జ్వరం తగ్గిందని ఒకామె కోడిని కోసింది. శ్రావణంలో బోనాలు వచ్చాయి. ఊరి యువకులంతా కలిసి సంఘం పెట్టుకుని, అమ్మకు గద్దె కడతామని ఇసుక, కంకర దింపించారు. మా ఆయన వాళ్ళ వెంట తిరిగి, మొదలు చుట్టూ మూర జాగా విడిచి కట్టండి బిడ్డా, పాదు ఉండనివ్వండి, కాలువ మూయకండి అని బతిమాలాడు. వాళ్ళలో ఒకడు, "ఏంది బాపు, అమ్మ గద్దెను నడుమ బొంద పెట్టి కడ్తమా?" అన్నాడు. పోసేశారు. మొదలు మెడ దాకా సిమెంటు. గల్ఫ్ నుంచి వచ్చినాయన ఒకరు పలకలకు సాయం చేస్తే తెల్లటి పలకలు అతికించారు. నీళ్ళ కాలువ మీదనే మెట్లు కట్టారు. మానుకు మేకులు దించి గంటలు, త్రిశూలం, రంగుల బల్బుల తీగలు వేలాడదీశారు. అందరూ భక్తితోనే చేశారు, అదే నా మంట. పగవాడు చేస్తే పోయి కొట్లాడవచ్చు. దండం పెట్టుకుంటూ చంపేవాడితో ఏం కొట్లాడతావు?

కొన్ని వానలు గడిచేసరికి చెట్టు పైనుంచి ఎండటం మొదలుపెట్టింది. తూర్పు దిక్కు పెద్ద కొమ్మ ఒకటి ఆకు రాలిపోయి, బెరడు ఊడి, ఎముకలా తేలింది. దాని కిందనే గాజులామె, మిరపకాయలామె కూర్చునేవారు. వానలకు ముందు మా ఆయన ఎప్పటిలాగే నిచ్చెన, రంపం, మోకు తీసుకుని పోయాడు, వెంట నేను. నిచ్చెన ఆనించాడో లేదో జనం మూగారు, అమ్మ చెట్టుకు ఇనుము తగలకూడదన్నారు. మరి మేకులు ఏమిటిరా, త్రిశూలం ఏమిటిరా అని నేను అరిచాను, వినేవాడెవడు? అంతలో మా ఆడబిడ్డకు శిగం వచ్చింది, అంటే అమ్మ పూనింది. జుట్టు విప్పుకుని, ఊగుతూ వచ్చి, నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు వేసి నిలబడింది.

మా ఆయన మెల్లగా, "అక్కా, గది ఎండిపోయింది. రేపు గాలొస్తె ఎవలి నెత్తి మీద పడ్తదో. జర కాలు తియ్యే" అన్నాడు.

"ఎవల్రా నీకు అక్క? నా రెక్క నరుక వస్తివా?" అని ఆమె గద్దించింది. ఆ గొంతు వంకాయలు అమ్మే గొంతే. జనం మా ఆయన మెడ మీద చేతులు వేసి, కాళ్ళు మొక్కు, తప్పయిందని చెప్పు అన్నారు. మొక్కాడు. తాను తెచ్చిన రాయి ముందర, తన అక్క కాళ్ళ మీద, నా కళ్ళెదుట నుదురు ఆనించాడు. ఆ నుదుటికి అంటిన పసుపును అందరి ముందరే నా కొంగుతో తుడిచేశాను.

ఆ సాయంత్రం ఆమె ఎప్పటిలాగే మా ఇంట్లోనే అన్నం తిన్నది. తమ్ముడి కంచంలో ఇంకో గరిటె పులుసు వేసింది. నేను పట్టలేక, "వదినె, నిజం చెప్పు, పసుపు పూసింది నువ్వే గదా?" అని అడిగేశాను. ఆమె ముద్ద కలుపుతూనే నా వంక చూసి, "నేనే పూసిన పిల్లా. కని నాతోని పూయించింది ఎవలనుకున్నవ్?" అంది. ఆమె అబద్ధం ఆడలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నాటకం ఆడేదైతే జుట్టు పట్టుకుని అడిగేదాన్ని. ఆమె నిజంగా నమ్మింది, మేం ముగ్గురం నవ్వుకున్న సాయంత్రం ఆమె తలలోంచి ఊడ్చుకుపోయింది.

కొమ్మ పడింది. పడకుండా ఎందుకు ఉంటుంది? అంగడి నాడు, జనం నిండుగా ఉన్నప్పుడు, ఇంకా చినుకు పడకముందు వచ్చిన గాలికే విరిగి గాజులామె మీద పడింది. ప్రాణం దక్కింది, భుజం పోయింది, మళ్ళీ ఆమె గాజుల మలారం మోయలేదు. ఊరంతా గుమిగూడి, అమ్మకు కోపం వచ్చింది, ఎండలో వానలో ఉంచాం, గుడి కట్టలేదు, అందుకే ఇలా అయిందని తేల్చారు. ఎండిన కొమ్మ గురించి ఒక్కరూ ఒక్క మాట అనలేదు. మైదానం మూలన గుడి కట్టారు, డప్పులతో రాయిని అక్కడికి తీసుకుపోయారు. రాయి పోయాక చెట్టు ఎవరికి కావాలి? మళ్ళీ ఎవరి మీదైనా పడుతుందని కొట్టేయమన్నారు, కొట్టడానికి మా ఆయనను పిలిచారు.

నేను అప్పుడు పక్కనే ఉన్నాను. పెద్దమనిషి ఒకాయన చాలా మర్యాదగా, "నువ్వే పెంచినవు, నీ చేతితోనే తియ్యి. ఇప్పుడు అమ్మ దాంట్ల లేదు, నీకే పాపం లేదు" అన్నాడు. మా ఆయన ఎన్నడూ ఎవరికీ ఎదురు చెప్పిన మనిషి కాదు. చెట్టు దిక్కు చూశాడు. పడమటి పక్క ఇంకా పచ్చగానే ఉంది, కొత్త ఇగురు కూడా ఉంది. "గద్దె పలగ్గొట్టి, ఎండిన కాడికి నన్ను తియ్యనియ్యుండ్రి, మిగిలింది బతుకుతది" అన్నాడు. గద్దె పగలగొడితే అరిష్టం అన్నారు. అమ్మ లేని గద్దెకు అరిష్టం ఏమిటని నేను అడిగితే, నీ పెండ్లాన్ని ఇంటికి పంపు అని ఆయనతో అన్నారు. అప్పుడు మా ఆయన, "అమ్మ ఉన్నన్ని రోజులు కొమ్మ ముట్టనియ్యలె. అమ్మ పోయినంక మొత్తమే నరుకుమంటున్నరు. నాకు చెట్టు సవరించుడే వచ్చు సారూ, సంపుడు రాదు" అని నిచ్చెన భుజాన వేసుకున్నాడు.

కామారెడ్డి నుంచి మిషను రంపం వచ్చింది. ఒక్క పూటలో అయిపోయింది. ఆ చప్పుడు మా ఇంటిదాకా వినపడుతుంటే ఆయన చెవుల మీద చేతులు పెట్టుకోలేదు, మంచం మీద వెల్లకిలా పడుకుని అంతా విన్నాడు. మరుసటి వారం నుంచి పంచాయతీ పనికి రావద్దని కబురు వచ్చింది. పిట్లం దిక్కు ఎవరిదో మామిడి తోటలో కావలికి పోయాడు, అక్కడే దగ్గు పట్టుకుంది, తిరిగి వచ్చాక ఎక్కువ కాలం లేడు. చెట్టు పోయిన దిగులుతో పోయాడని నేను అనను, దగ్గుతోనే పోయాడు. కానీ చివరి రోజుల్లో గుడి గంట మోగినప్పుడల్లా ముఖం గోడ వైపు తిప్పుకునేవాడు. మా ఆడబిడ్డ అప్పటికే గుడి పక్కన గదిలో ఉంటోంది, పూజ ఆమెదే. తమ్ముడు పోయిన నాడు వచ్చి, శవం మీద పడి అందరికంటే ఎక్కువ ఆమే ఏడ్చింది. ఆమెను లేవనెత్తింది నేనే. లేవనెత్తాను గాని మాట్లాడలేదు. ఆమె పసుపు పూయకపోతే చెట్టు ఎప్పుడో పోయేది, పూసినందుకు ఇలా పోయింది. ఏ నోటితో తిట్టాలి, ఏ నోటితో మెచ్చుకోవాలి? తిట్టడమే నాకు సులువు, అదే చేస్తున్నాను.

పోయిన ఎండాకాలం ఒక పెళ్ళికని ఊరికి పోతే అది అంగడి రోజు. మైదానమంతా రేకుల షెడ్లు, కింద సిమెంటు, ఒక్కొక్కరికి ఒక్కొక్క గడి గీసి ఇచ్చారు. బాట పొడవునా చెట్లు కూడా పోయాయి, కరెంటు తీగల కోసమని తలలు నరికిన మోళ్ళు కొన్ని ఉన్నాయి. నా కాళ్ళు గుంజుతుంటే ఒక మూలన ఒరిగాను. అక్కడ టమాటలు అమ్ముతున్న పిల్ల, "అవ్వా, జర అవుతలికి జరుగు, గిరాకి అడ్డమైతది" అంది. ఆమె తప్పేముంది, ఆమె గడి ఆమెది. గుడి గుమ్మంలోంచి మా ఆడబిడ్డ నన్ను చూసి, "రా పిల్లా, లోపట ఫ్యాను ఉంది, సల్లగ కూసో" అని పిలిచింది. ఆమె కూడా వంగిపోయింది, జుట్టు తెల్లబడింది. నేను పోలేదు.

ఎండలో నిలబడే ఉన్నాను. అప్పట్లో అక్కడ ఎవరికీ గడి ఉండేది కాదు. నీడ జరిగితే గంపలు జరిగేవి. పొద్దున పడమటి పక్క కూర్చున్నవాళ్ళు మధ్యాహ్నానికి మానుకు ఆనుకునేవారు, సాయంత్రానికి తూర్పుకు చేరేవారు. గొల్లామె, గాజులామె, సాయిబుల అవ్వ, చర్చికి పోయే మేరీ అక్క, మేము, ఒకరి గంప ఒకరం పట్టి జరుపుకుంటూ, పొద్దు మునిగేలోగా ప్రతి ఒక్కరి పక్కనా ఒకసారి కూర్చునేవాళ్ళం. ఎవరింట్లో ఏమిటో అలాగే తెలిసేది. ఎండ ఎటు తిరిగితే అటు, ఊరు ఊరంతా మెల్లగా ఒక చెట్టు చుట్టూ తిరిగేది. ఇప్పుడు ఎవరి రేకు కింద వాళ్ళు పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా కదలకుండా ఉడుకుతున్నారు. పక్క గడిలో ఉన్నామె పేరేమిటని ఆ టమాటల పిల్లను అడిగాను. తెలియదంది.